పెళ్లిచూపుల్లో వదిలిన ఊపిరి

ఆ రోజుల్లో, అంటే రాయపూర్ కొత్తగా రాజధాని అయి ఊళ్లో ఎక్కడ చూసినా రోడ్లు తవ్వి పోసిన రోజుల్లో, ఊపిరి పీల్చడానికి కూడా ఒక పద్ధతి ఉంటుందంటే నేను నవ్వేదాన్ని. నాకు కంగారు పుడితే ఊపిరి పైపైనే ఆడేది, గుండె దడదడలాడేది, మాట సగంలో తెగిపోయేది. కాలేజీలో వైవాకి వెళ్లి నా పేరు చెప్పడానికే ఆయాసపడ్డాను (ఆ మాస్టారు జాలిపడి మంచినీళ్లిచ్చి పంపేశారు). రైల్వే గార్డుగా చేసే నాన్నకి మాత్రం ఈ విద్య మీద గట్టి నమ్మకం. "ముక్కుతో నిదానంగా పీల్చు, అంతకంటే నిదానంగా వదులు. వదిలినప్పుడే గుండె నెమ్మదిస్తాదే," అంటూ రోజూ పొద్దున్నే కూర్చోబెట్టి చేయించాడు. కొన్నాళ్లకి నిజంగానే నిద్ర బాగా పట్టింది, చిరాకు తగ్గింది. చిక్కల్లా ఒకటే, నేను వదిలే ఊపిరి పక్క గదిలోకి వినపడేది.

దాని మహిమ కనిపెట్టింది మా పెద్దమ్మ. ఓసారి పండరీ టోకు బట్టల బజారుకి నన్ను తోడు తీసుకెళ్లింది. జనం, ఉక్కపోత. నాకు దడ మొదలై, నాన్న చెప్పినట్టే పొడుగ్గా ఊపిరి వదిలాను. చీరలు పరుస్తున్న దుకాణదారు చెయ్యి ఆగిపోయింది. "బిటియాకో పసంద్ నహీ ఆయా?" అంటూ, పిల్లకి నచ్చలేదనుకుని తనంతట తనే ధర తగ్గించాడు. "ఇదేదో బాగుందే. ఇకనుంచి బజారుకి నువ్వే నా తోడు, సమఝీ, తెలిసిందా?" అంది పెద్దమ్మ ఆటోలో. అప్పట్నుంచి చుట్టుపక్కల తెలుగువాళ్లు ఏ శుభకార్యానికి బట్టలు కొన్నా నేనుండాల్సిందే. బేరం బిగుసుకోగానే పెద్దమ్మ నా కాలు తొక్కేది, నేను ఊపిరి వదిలేదాన్ని.

తర్వాత ఊళ్లోనే, మోవాలోని మా ఇంట్లో నా పెళ్లిచూపులు జరిగాయి. అబ్బాయి స్టీలు ఫ్యాక్టరీలో ఇంజినీరు. నాకు ఫోటోలోనే నచ్చేశాడు (బియ్యం ఏరుతున్నట్టు నటిస్తూ ఆ ఫోటోనే చూశానని ఇప్పుడు చెప్పినా తప్పులేదు). ఈ సంబంధం ఎక్కడ తప్పిపోతుందోనని ఒకటే భయం. టీ పళ్లెంతో వచ్చి అతని ముఖం చూడగానే మళ్లీ దడ మొదలైంది. కూర్చుని, నిండా పీల్చి, నిదానంగా వదిలాను.

అది గదంతా వినపడింది. అబ్బాయి తండ్రి సర్దుకు కూర్చుని, "మావాడికి తొందర్లోనే ప్రమోషనుంటాదమ్మా," అన్నాడు. పెద్దమ్మ అలవాటు కొద్దీ నా కాలు తొక్కింది. ఈసారి నేను ఊపిరి బిగబట్టాను. బిగబట్టింది ఎంతసేపు ఆగుతుంది? రెండోది మొదటిదానికంటే పెద్దగా వచ్చింది. "ఇక్కడ దగ్గర్లోనే ఇల్లు కూడా చూస్తన్నాం," అన్నాడాయన చెమట తుడుచుకుంటూ.

చివరికి అబ్బాయే నాతో మాట్లాడాలన్నాడు. బాల్కనీలోకి వెళ్లాం. "నేను నచ్చకపోతే చెప్పేయండి, నేనేమీ అనుకోను," అన్నాడు. నాన్న నేర్పిన విద్య గురించి అంతా చెప్పాను. "అయితే నాకూ నేర్పండి. వచ్చినప్పట్నుంచీ నాకూ దడగానే ఉంది," అన్నాడు. ఇద్దరం రెయిలింగు పట్టుకుని పీల్చాం, వదిలాం. అతను బుద్ధిగా నేర్చుకున్నాడు. నాకంటే గట్టిగా వదిలాడు కూడా.

లోపలికొచ్చేసరికి అతని తల్లి చెప్పులేసుకుంటోంది, పెద్దమ్మ మిఠాయి పళ్లెం ఎత్తేస్తోంది. "మీరిద్దరూ నిట్టూర్చడం మాకినపడింది. ఇష్టం లేని పని ఎందుకులే అమ్మా," అన్నాడు నాన్న (నేర్పినవాడే ఆ మాటంటే ఇంకెవరికి చెప్పుకోను?). నాకు పీల్చడమూ గుర్తులేదు, వదలడమూ గుర్తులేదు. "నాకిష్టవే నాన్నా, చాలా ఇష్టం, ఈయన్నే చేసుకుంటాను," అని ఒక్క గుక్కలో అనేసి ఆయాసంతో గోడకి చేరగిలబడ్డాను. అతని తల్లి చెప్పులు విప్పి లోపలికొచ్చింది.

ఇప్పుడు పొద్దున్నే ఇద్దరం పక్కపక్కనే కూర్చుని నిదానంగా ఊపిరి పీల్చి వదులుతాం. ఆయన బీపీ అదుపులో ఉంది, నాకు ఎవరి ముందూ మాట తెగదు. అన్నీ నిదానంగా, ఆలోచించే మాట్లాడతాను. అంతమంది పెద్దవాళ్ల ముందు ఆయాసపడిన ఆ పిల్ల గుర్తొస్తే మాత్రం నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా కలుగుతుంది. ఆయన వినేలా "చాలా ఇష్టం" అని నేను అన్నది ఆ ఒక్కసారే.