మూసీ బురదల మెంతులు

నా బిడ్డ సోషల్ పాఠం పైకి చదువుతున్నది. నైలు నదికి వరదొస్తే అక్కడి జనం సంబురపడేటోళ్లట. నీళ్లు తీసినంక మిగిలిన నల్లమన్నుల పంట మస్తు పండేదట, అందుకే నదిని దేవుడని మొక్కేటోళ్లట. వింటుంటే నాకు మోరీ కంపు ముక్కుకు కొట్టింది.

నా చిన్నప్పుడు బడిల మాకు ఆ పాఠం చెప్పిన వారానికే మూసీ పొంగి మా బస్తీలకొచ్చింది. నాయనమ్మ గడపల నిలబడి నీళ్లల్ల పసుపు కుంకుమ వేసి, "తల్లీ, మర్లిపో" అని మొక్కింది. తల్లి మర్లలే. మేం శాలిబండల మేనత్త ఇంటికి ఉరికినం.

తిరిగొచ్చేసరికి ఇంటినిండ నల్లబురద. అందరు ఏడుస్తున్నరు, నాకేమో లోపల సంబురం. నీళ్లందని అటక మీదికెల్లి పిడికెడు మెంతులు తెచ్చి వాకిట్ల చల్లిన.

పక్కింటి సాబిరా ఖాలా వచ్చి నిలబడ్డది. అప్పుడప్పుడే నడక నేర్చిన ఆమె కొడుకు మున్నా కనబడలే. దబీర్‌పురాల వాళ్ల అమ్మమ్మ ఇంట్ల ఉన్నడని నాయనమ్మ నాకు చెప్పింది.

"ఏం చేస్తున్నవ్ బేటీ?" అన్నది ఖాలా.

"పంట వేస్తున్న ఖాలా. ఈ మన్నుల ఏది పడ్డా మళ్ల పైకొస్తది."

ఆమె నన్నే చూసింది. తర్వాత నా పక్కన కూలబడి, రెండు చేతులతోని బురద తోడుడు పెట్టింది.

మున్నాను వరద కొట్టుకపోయిందని చాన ఏండ్లకు గని నాకు తెలువలే. ఆ రోజు మాత్రం నాకు సాయం చేస్తున్నదనుకొని, "గంత లోతు తవ్వకు ఖాలా, మొలకలు రావు" అన్న.