మెరుగులు దిద్దని వీడియో

2023 అక్టోబరు. మిషిగన్ రాష్ట్రంలోని నోవైలో ఒక ఇండియన్ కిరాణా కొట్టుకీ టాక్స్ ఆఫీసుకీ మధ్య ఇరుకు గదే నా స్టూడియో. పెళ్ళిళ్ళు, సీమంతాలు, ఓణీల ఫంక్షన్లు, అరంగేట్రాలు వీడియో తీయడం నా పని. మావారి ఉద్యోగం మీద ఈ దేశం వచ్చి, నాకంటూ పని చేసుకునే అనుమతి వచ్చేదాకా ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నదాన్ని. అది చేతికి రాగానే ముందు కెమెరా కొన్నాను, తర్వాతే మావారికి చెప్పాను. కల్యాణి గారికి నోరెక్కువ అని ఇక్కడి తెలుగువాళ్ళలో పేరుంది. పని బాగుంటుందని కూడా పేరుంది కాబట్టి మొదటిదాన్ని నేను పెద్దగా పట్టించుకోను.

అంతకు కొద్దికాలం ముందే నాకు కొత్త రకం పని మొదలైంది. దాన్ని ప్రీస్క్రీన్ అంటారు. కాలేజీలో మ్యూజికల్ థియేటర్, అంటే పాటా నటనా డాన్సూ కలిసిన నాటకం, చదవాలనుకునే పిల్లలు ముందుగా తమ వీడియోలు పంపాలి. అవి నచ్చితేనే ఎదురుగా ఆడిషన్‌కి పిలుస్తారు. పాటకి పక్కన పియానో తప్ప ఇంకేమీ వినిపించకూడదు. పాట మొదలుపెట్టాక చివరిదాకా ఒకటే టేక్, మధ్యలో కోతలుండకూడదు. గొంతుని సాఫ్ట్‌వేర్‌తో సరిచేయకూడదు. కాలేజీని ఇక్కడ స్కూలనే అంటారు, ఒక్కో స్కూల్లో సీట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. పిల్లలు మాత్రం కుప్పలు తెప్పలుగా వస్తారు.

వసంత నాకు అలాగే ఫోన్ చేసింది. కరీంనగర్ వాళ్ళు. ఆవిడ ఒక హాస్పిటల్‌కి సాఫ్ట్‌వేర్ చూస్తుంది, ఆమె భర్త సుధాకర్ గారు కార్ల బ్రేకులు పరీక్షించే ఇంజినీరు. ఒక్కతే కూతురు మేఘన, పన్నెండో క్లాసు. స్కూల్ నాటకాల్లో నాలుగేళ్ళుగా పాడుతోంది. ఇంట్లో ఏడాది పాటు యుద్ధం నడిచాక ఒక ఒప్పందానికి వచ్చారట. ఈ ఒక్క సీజన్ ప్రయత్నించవచ్చు. సీటు రాకపోతే తండ్రి చెప్పిన కంప్యూటర్ సైన్స్‌లో చేరాలి, ఇక నాటకం మాట ఎత్తకూడదు.

"ఒక్కటే ఛాన్స్ అండి. మంచిగ తియ్యండి," అంది వసంత.

"నా కెమెరా ఎప్పుడూ మంచిగానే తీస్తుంది. పాప పాడితే చాలు," అన్నాను.

పాడింది. నల్ల తెర ముందు నీలం గౌనులో నిలబడి, ఇల్లు వదిలి వెళ్ళే పిల్ల తల్లితో చెప్పే పాట ఒకటి అందుకుంది. పియానో మీద ఆమెకి పాట నేర్పే టీచరు కరోల్. చివర్లో పై స్వరానికి వెళ్ళినప్పుడు మేఘన గొంతులో చిన్న జీర వచ్చింది. వచ్చినా ఆగలేదు, ఆ జీరతోనే పాట ముగించింది. నా చేతుల మీద రోమాలు లేచాయి. వసంత కళ్ళు తుడుచుకోవడానికి టిష్యూ వెతుక్కుంది. తర్వాత ఇంకో టేక్ తీశాం. అందులో స్వరాలన్నీ గీత గీసినట్టు వచ్చాయి. అది వింటున్నంతసేపూ ఇంట్లో పప్పు నానబెట్టానా లేదా అని ఆలోచించాను.

"మొదటిదే పంపండి, రెండో మాట లేదు," అని కరోల్ ఇంగ్లీషులో తేల్చేసింది. మేఘన కూడా అదే అంది.

సుధాకర్ గారు మాత్రం మానిటర్ ముందు నుంచి కదల్లేదు. "కల్యాణి గారూ, ఫస్ట్ టేక్‌ల ఆ ఒక్క నోట్ పలిగింది గదా. సెకండ్ దాంట్ల నుంచి ఆ ముక్క తీసి దీంట్ల అతికియ్యండి."

"అతికించకూడదండీ. రూల్."

"ఎవరికి తెలుస్తది?"

"వాళ్ళకి తెలుస్తుంది. పొద్దున లేస్తే వాళ్ళ పనే అది. తెలియలేదనే అనుకుందాం, రేపు ఎదురుగా నిలబెట్టి పాడమంటే సాఫ్ట్‌వేర్ వచ్చి పాడుతుందా?"

"మా వసంత చెల్లె పెళ్ళి వీడియోల మీరే గదా అందర్ని మెరిపిచ్చింది?"

"అక్కడ తాళి కట్టేశారు సుధాకర్ గారూ. ఇక్కడ ఇంకా పెళ్ళిచూపులే."

మేఘన ఫక్కున నవ్వింది. ఆయన నవ్వలేదు. ఫైళ్ళన్నీ డ్రైవ్‌లో వేసి ఇమ్మన్నారు. కస్టమర్ అడిగితే ఇవ్వాలి కాబట్టి ఇచ్చాను.

ఇక్కడ మన వాళ్ళ అలవాటు ఒకటి చెప్పాలి. పెళ్ళి ఇక్కడ తీస్తారు, ఎడిటింగ్ హైదరాబాదులో చేయిస్తారు. మనం పడుకుని లేచేలోగా అక్కడ పని అయిపోయి ఉంటుంది. ఆ ఎడిటర్లు పనిమంతులే, కాదనను. కానీ వాళ్ళకి వీడియో అంటే పెళ్ళి వీడియోనే. ఎవరూ ఏమీ చెప్పకపోయినా ఆడపిల్ల మొహం కనపడగానే చేయవలసినవి చేసేస్తారు. సుధాకర్ గారు ఆ డ్రైవ్‌లో ఉన్నదంతా హైదరాబాదులో తన తమ్ముడి పెళ్ళి వీడియో చేసిన ఎడిటర్‌కి పంపించారు.

వారం తిరగకుండా ముగ్గురూ నా స్టూడియోకి వచ్చారు. ఆయన చేతిలో స్వీట్ల డబ్బా ఉంది. "ఒక సర్‌ప్రైజ్. మీ పెద్ద స్క్రీన్ మీద చూద్దాం," అన్నారు. వసంతకి గానీ మేఘనకి గానీ అదేమిటో తెలియదు. ల్యాప్‌టాప్ తగిలించాను.

మొదట మేఘన పేరు బంగారు అక్షరాల్లో గిరగిరా తిరుగుతూ వచ్చింది. పియానో కింద వయొలిన్లు మొదలయ్యాయి. గొంతు గుడి మైకులో వచ్చినట్టు మోగింది. జీర లేదు, ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా లేదు. అయితే అవన్నీ నాకు తర్వాత తట్టాయి. ముందు కొట్టొచ్చినట్టు కనపడింది ఆ పిల్ల రంగు. మేఘన చామనచాయ. స్క్రీన్ మీద ఉన్న పిల్ల పాలలో ముంచి తీసినట్టుంది. బుగ్గల మీద గులాబీ రంగు పూసి ఉంది, ముక్కు కూడా కాస్త సన్నమైనట్టుంది.

పాట అయిపోయింది. సుధాకర్ గారు సంబరంగా అందరి మొహాలూ చూశారు.

"హూ ఈజ్ దట్?" అంది మేఘన.

"నువ్వే బిడ్డా."

"నేను కాదు. డాడీ, నా కలర్ ఏది?"

"అరే, లైటింగ్ జర సెట్ చేసిండు అంతే. ఎంత మంచిగ కనవడ్తున్నవ్ చూడు."

"అంటే మామూలుగా నేను మంచిగా లేనా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంకొకళ్ళ సంసారంలో వేలు పెట్టకూడదని నాకూ తెలుసు, అయినా ఊరుకోలేకపోయాను. "మీ తెలివి తెల్లారినట్టే ఉంది సుధాకర్ గారూ! ఇది పంపితే ఆ నిమిషమే చెత్తబుట్టలో వేస్తారు. పంపలేదు కదా?"

ఆయన తల దించుకున్నారు. "ఒక్క దానికి పంపిన. మార్నింగే."

ఆ ఒక్కటీ మేఘన అన్నిటికన్నా ఎక్కువగా కోరుకున్న స్కూలు. మిగతావి రాకపోయినా అదొక్కటి వస్తే చాలని అనుకుంటూ ఉండేది. అప్లికేషన్లన్నీ తండ్రే దగ్గరుండి నింపుతున్నారు కాబట్టి పాస్‌వర్డ్ ఆయన దగ్గర ఉంది. గడువు దగ్గరపడింది, కూతురికి ఆశ్చర్యం కలిగిద్దామని నొక్కేశారు. వసంత కుర్చీలో కూలబడింది. "దాన్ని అడగాలన్న సోయి లేదా మీకు?" అని ఒక్క మాట అంది.

మేఘన ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. ఫోన్ తీసి ఆ స్కూల్ ఆఫీసుకి చేసి స్పీకర్‌లో పెట్టింది. ఒకావిడ ఎత్తింది. తన పేరు చెప్పకుండానే మేఘన అడిగింది, పంపిన వీడియోని ఇంట్లోవాళ్ళు నాకు తెలియకుండా మార్చారు, అసలుది పెట్టుకోవచ్చా అని. ఆవిడ నెమ్మదిగానే జవాబిచ్చింది. ఒకసారి పంపాక మార్చడానికి వీల్లేదు. ఉంచితే ఉంచుకోవచ్చు, లేదంటే అప్లికేషన్ విత్‌డ్రా చేసుకోవచ్చు. నిర్ణయం మీదే, అంది.

సుధాకర్ గారు చెయ్యి ఊపుతూ గుసగుసగా మొదలుపెట్టారు. "పేరు చెప్పకు. కట్ చెయ్యి. మనం ఊకుంటే ఎవ్వరికి తెల్వదు. వాళ్ళు పిలుస్తరు. పిలిచినంక నువ్వు మంచిగనే పాడుతవ్ గదా?"

నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో ఆయన మాట నాకూ సబబుగానే తోచింది. అంత కోరుకున్న స్కూలు. చేసిన తప్పు పిల్లది కాదు. చెత్తబుట్టలో వేస్తారన్నదాన్ని నేనే, అయినా ఏమో, చూసేవాళ్ళు పట్టించుకోకపోవచ్చు అనిపించింది. వసంత కూడా కూతురి మొహం వంక ఆశగా చూసింది.

"వాళ్ళు ఆ అమ్మాయిని పిలుస్తారు డాడీ. నేను వెళ్ళి నిలబడితే ఎవరు నువ్వు అంటారు," అంది మేఘన.

"ఒక్కటే సీజన్, యాద్ పెట్టుకో."

"ఐ నో. ఒక్కటే సీజన్. అది నాది."

ఆయన ఫోన్ కట్ చేయడానికి చెయ్యి చాచారు. వసంత లేచి ఆ చెయ్యి పట్టేసుకుంది. పద్దెనిమిదేళ్ళ కాపురంలో మొగుడి మీద గొంతెత్తి ఎరగదట ఆ మనిషి. "ముట్టకుండ్రి. అది దాని ఫోను. దాని పేరు. చెప్పుకోనియ్యండి," అంది.

మేఘన ఫోన్‌లో పేరు చెప్పింది, ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరం విడదీసి. విత్‌డ్రా చేసుకుంటున్నానంది. అవతలావిడ థాంక్యూ అంది. తర్వాత మేఘన తండ్రి ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని పోర్టల్‌లో తన చేత్తోనే ఆ బటన్ నొక్కింది. అప్పుడు ఏడ్చింది, బాగా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. సుధాకర్ గారు బయటికి వెళ్ళి కారులో కూర్చున్నారు. స్వీట్ల డబ్బా మర్చిపోయారు, ఆ తర్వాత నేనే తిన్నాను. పాపం, కాజూ కత్లీ ఏం చేసింది?

ఆ పూటే మొదటి టేక్‌ని జీరతో సహా, చామనచాయతో సహా మిగిలిన స్కూళ్ళకి ఆడవాళ్ళం ముగ్గురం కూర్చుని పంపించాం. నేను చేసిందల్లా ముందూ వెనకా ఖాళీ కత్తిరించడమే. కొన్ని స్కూళ్ళు ఒక్క వాక్యంలో వద్దన్నాయి. మూడు మాత్రం ఆడిషన్‌కి రమ్మన్నాయి.

ఫిబ్రవరిలో ఆ ఆడిషన్లు చికాగోలో. దేశం నలుమూలల నుంచి స్కూళ్ళు ఒకే హోటల్‌కి వచ్చి తలా ఒక గదిలో కూర్చుని పిల్లల్ని వింటాయి. దీన్నే యునిఫైడ్స్ అంటారు. నాకూ చికాగోలో ఒక సీమంతం షూట్ ఉండటంతో వాళ్ళ కారులోనే బయల్దేరాను. వసంత నడుపుతుందనుకున్నాను. స్టీరింగ్ ముందు సుధాకర్ గారు కనపడేసరికి తెల్లబోయాను. దారి పొడుగునా మంచు. ఆయన చాలా జాగ్రత్తగా నడిపారు. ఇంతకాలంలో కూతురికి సారీ చెప్పారా అని వసంతని మెల్లగా అడిగాను. "ఆయన చదువుల సారీ అన్న సబ్జెక్టే లేదండి," అంది.

హోటల్ కారిడార్ నిండా పిల్లలు. గోడకి ఆనుకుని గొంతులు సవరించుకుంటున్నారు, తల్లులు వేడి నీళ్ళ ఫ్లాస్కులు పట్టుకుని నిలబడ్డారు. మేఘన పేరు పిలిచారు, లోపలికి వెళ్ళింది. మా తెలుగు విని పక్కనున్న ఒకాయన దగ్గరికి వచ్చారు. వాళ్ళబ్బాయి కూడా ఆడిషన్‌కే వచ్చాడట.

"మావాడు పట్టుబట్టాడండీ, సరే ఒక్క ఇయర్ చూద్దాంలే అన్నా. బ్యాకప్‌గా బయాలజీ కూడా అప్లై చేయించా. మీ పాపకి బ్యాకప్ ఏంటండీ?"

ఆ ఏడాదంతా గుడిలో, పార్టీల్లో, కిరాణా కొట్టులో వసంతని అందరూ ఇదే ప్రశ్న అడిగారు. కంప్యూటర్ సైన్స్ కూడ చూస్తున్నదండి అని ఆవిడ వల్లించిన జవాబు ఒకటుంది. అది చెప్పడానికి నోరు తెరిచింది. తలుపు మీద నుంచి కళ్ళు తిప్పకుండానే సుధాకర్ గారు ఆమె కన్నా ముందు చెప్పారు.

"నేను."

"అంటే?"

"దీంట్ల రాకుంటే మళ్ళ వచ్చేయేడు రాస్తది. అప్పుడు గూడ రాకుంటే ఇంట్ల నేనున్న. గదే బ్యాకప్."

ఆ పెద్దమనిషి తన కొడుకు దగ్గరికి వెళ్ళిపోయారు. వసంత భర్త భుజం మీద చెయ్యి వేసింది. ఒప్పందం ఆ కారిడార్‌లోనే రద్దయిపోయింది.

మేఘన కోరుకున్న స్కూలు పోయింది. దానికి మందు లేదు. ఒహాయోలో ఒక స్కూలు తీసుకుంది, అక్కడే చదువుతోంది. తీసుకోకపోయినా ఈ సంగతి నేను రాసేదాన్నే. ఎందుకంటే ఆ రోజు స్క్రీన్ మీద కనపడిన ఆ పాలరంగు పిల్లని నేను ఇప్పటికీ మర్చిపోలేదు. అప్పటినుంచి పెళ్ళి వీడియోల్లో కూడా ఎవరి రంగూ ముట్టుకోవడం లేదు. మొన్నీమధ్య ఒక పెళ్ళికూతురి తల్లి వచ్చి, ఫైళ్ళు చూసి, "అమ్మాయి కలర్ కొంచెం తేల్చండి, అందరూ చేస్తున్నారుగా," అంది. చేయనన్నాను. అయితే వేరే వాళ్ళకి ఇచ్చుకుంటాం అంది. ఇచ్చుకోమన్నాను. ఉన్న పిల్లని ఉన్నట్టు చూపించడానికి కెమెరా కావాలి గానీ, సున్నం కొట్టడానికి కెమెరా ఎందుకమ్మా, కుంచె చాలు.