నల్లరేగడిలో వెడల్పు టైర్లు

మా బావ మస్కట్ నుంచి వచ్చేసిన ఏడాది మేమిద్దరం కలిసి ఒక పాత జీపు కొన్నాం. బావ అంటే మా అక్క భర్త. అక్కడ ఎడారిలో రోడ్డు పనులు చేసేవాళ్లకు నీళ్ల ట్యాంకరు నడిపేవాడు. నేను ఇక్కడే, ధర్మపురి దగ్గర మా ఊళ్లో, వాళ్ల లారీ వీళ్ల లారీ నడిపి నడుము పోగొట్టుకుని ఇంట్లో కూర్చున్నాను. ధర్మపురి నుంచి జగిత్యాలకు, చుట్టుపక్కల ఊళ్లకు మనుషులను ఎక్కించుకుంటే రెండిళ్లూ గడుస్తాయని అక్క ఆలోచన. జీపు ఎవరో కాంట్రాక్టరుది. ముందు చక్రాలు లాగే గేరు ఆయన ఎప్పుడో పీకేయించాడు. ఇంజను బాగానే ఉంది. టైర్లు మాత్రం పూర్తిగా గుండ్లయి, లోపలి దారాలు కనబడుతున్నాయి.

కొత్త టైర్ల కోసం కరీంనగర్ వెళ్లాం. దుకాణంలో రెండు రకాలు తీసి ముందు పెట్టారు. ఒకటి సన్నగా, లోతైన గట్లతో, గట్ల మధ్య వేళ్లు దూరేంత సందులతో ఉంది. దాన్ని మా దగ్గర బటన్ టైరు అంటారు. రెండోది వెడల్పుగా, పైపైన గీతలతో, చూడటానికి నిండుగా ఉంది. బావ ఆ వెడల్పు టైరు మీద పెట్టిన చెయ్యి మళ్లీ తీయలేదు.

"గిదే పెడుదాం. ఇసుకల గిసొంటి వాటితోనే నడిపిన. ఎంత వెడల్పుంటే అంత మంచిగ పైన నిలుస్తది. సన్నటిది లోపలికి దిగవడుతది" అన్నాడు.

"మనకు ఇసుకేడిది బావా? ఆనలు పడితే బురదల తిరగాలె. బటన్ టైరయితే జర పట్టుకుంటది" అన్నాను.

"ఇసుకైనా బురదైనా మెత్తటి నేలనే గద. నాకు చెప్తవా బామ్మర్దీ?"

కోపంగా అనలేదు, నవ్వుతూనే అన్నాడు. కానీ వయసంతా అక్కడ పెట్టి వచ్చిన మనిషి. సూట్‌కేసులో తెచ్చిన బట్టలు, సెంటు సీసాలు చుట్టాలకు పంచాక అతని దగ్గర మిగిలింది ఆ పనితనమే. అది ఇక్కడ పనికిరాదని అనడానికి నాకు నోరు రాలేదు. వాదించే ఓపిక కూడా అప్పటికే లేదు. సరే అన్నాను. స్టెప్నీ కోసం మాత్రం రీబటన్ టైరు, అంటే అరిగిపోయినదానికి మళ్లీ రబ్బరు ఎక్కించినది, సన్నటిది ఒకటి తీసుకున్నాం.

ఎండాకాలమంతా బావ మాటే నెగ్గింది. మా వైపు చెలక నేలలు, అంటే తేలికపాటి ఎర్రమట్టి, మొరం బాటలు. ఆ టైర్ల మీద జీపు కుదుపు లేకుండా పోయేది. గోదావరి రేవు దగ్గర ఇసుకలో వేరే బండ్లు కూరుకుపోయి మనుషులు తోస్తుంటే, బావ మెల్లగా, ఎక్కడా ఆగకుండా, జీపును నీళ్ల అంచుదాకా తీసుకుపోయాడు. దిగి నా వైపు చూశాడు. నేనే అన్నాను, మంచి టైర్లేనని. ఆ రోజు అతను ఇంటికి వచ్చి అక్కకు ఆ సంగతి రెండుసార్లు చెప్పాడు.

ఆ ఏడే బావ తమ్ముడికి సంబంధం కుదిరింది. పెళ్లికూతురిది ఆదిలాబాద్ జిల్లా, ఇచ్చోడ నుంచి లోపలికి పోవాలి. ఆషాఢం వస్తే పెళ్లిళ్లుండవు కనుక జ్యేష్ఠం చివర్లో ముహూర్తం పెట్టారు, మధ్యాహ్నం వేళకు. అప్పటికే మిరుగం వచ్చేసింది, అంటే మృగశిర కార్తె. మాకు ఇంకా ఆకాశం పొడిగానే ఉంది. చుట్టాలంతా ముందురోజే బస్సులో వెళ్లిపోయారు. పెళ్లికొడుకును, అక్కను, ఇద్దరు ముసలమ్మలను, పెళ్లి సామాన్లను జీపులో ఎక్కించుకుని చీకటితోనే బయలుదేరాం. బావే నడిపాడు. తమ్ముడి పెళ్లికి తన బండి తనే నడపాలని అతని కోరిక.

సోన్ దగ్గర గోదావరి దాటేసరికి వాన మొదలైంది. నిర్మల్ దాటి ఘాట్ ఎక్కుతుంటే ఒక మలుపులో జీపు వెనక భాగం పక్కకు జారింది. తడిసిన తారు మీద ఆ నున్నటి టైర్లకు పట్టు దొరకలేదు. నేను పక్క సీట్లో కూర్చుని, లేని బ్రేకును కాలితో తొక్కాను. వెనక ముసలమ్మల మాటలు ఆగిపోయాయి. బావ వేగం తగ్గించాడు. అక్కడి నుంచి ఇచ్చోడ దాకా అదే వేగంతో పోయాం.

ఇచ్చోడలో వాన వెలిసింది. చాయ్ తాగి లోపలి బాట పట్టాం. అది బాట అనడానికి రెండు పక్కలా పత్తి చేలు ఉండటమే గుర్తు. నేలంతా నల్లరేగడి. ఎండాకాలంలో నెర్రెలు బాసి రాయిలా ఉంటుందట. తడిస్తే దాని గుణం ఏమిటో మాకు అప్పుడే తెలిసింది. జీపు కొంచెం దూరం పోయిందో లేదో టైర్ల మీది గీతలన్నీ మట్టితో పూడుకుపోయాయి. అరిసెల పిండిలా అంటుకుని, ఒక పొర మీద ఒక పొర లేచి, మడ్‌గార్డు కింద నిండిపోయి చక్రాన్నే తిరగనివ్వలేదు. దిగి, టైరు విప్పే ఇనుప పట్టీతో ఆ మట్టిని గీకేశాం. మళ్లీ కొంచెం పోయాం. మళ్లీ గీకాం. చెప్పులు విడిచేసినా కాళ్లకే బెత్తెడు మట్టి అంటుకుని అడుగు లేవడం లేదు.

బావ వంగి టైర్లలో గాలి తీయడం మొదలుపెట్టాడు.

"బావా, ఇది ఇసుక గాదు" అన్నాను.

"గాలి తగ్గిస్తే టైరు పరుచుకుంటది. పరుచుకుంటే దిగవడది. చూస్తుండు."

నిజంగానే జీపు కదిలింది. కొంతదూరం బాగానే పోయింది. బావ ముఖంలోకి ప్రాణం వచ్చింది. పెళ్లికొడుకు వెనక నుంచి "నడువనియ్యి అన్నా, ఆపకు" అన్నాడు. అంతలో ఎడ్లబండ్ల జాడలో వెనక కుడి చక్రం పడింది. బావ గట్టిగా యాక్సిలరేటర్ తొక్కాడు. గాలి లేని టైరు ఉన్నచోటే నిలబడిపోయింది, లోపలి ఇనుప రిమ్ము మాత్రం తిరిగింది. ట్యూబుకు గాలి కొట్టే మూతి తెగిపోయింది. జీపు ఒక పక్కకు కూలబడింది.

స్టెప్నీ మార్చాలి. జాకీ పెడితే జీపు లేవడం లేదు, జాకీయే మట్టిలోకి దిగిపోతోంది. కింద పెట్టడానికి రాయి కోసం చేలలో వెతికాను. ఆ నేలలో గులకరాయి కూడా లేదు. అక్క పెళ్లి సామాన్లలోంచి కొత్త చెక్కపీట ఒకటి తీసి ఇచ్చింది. దాని మీద జాకీ పెట్టాం. పీట నడిమికి చీలింది కానీ చక్రం లేచింది. ఎట్లాగో రీబటన్ టైరు ఎక్కించాం. నాకు చిన్న ఆశ కలిగింది, ఆ ఒక్కటైనా నేలను పట్టుకుంటుందేమోనని. కానీ జీపులో బలమంతా పట్టులేని చక్రానికే పోతుంది. ఎడమ వైపు వెడల్పు టైరు ఊరికే గిర్రున తిరిగి మా బట్టల నిండా మట్టి కొట్టింది. రీబటన్ టైరు కదలకుండా అట్లాగే ఉండిపోయింది.

బావ మోకాళ్ల మీద కూర్చుని చేతులతో మట్టి తీయడం మొదలుపెట్టాడు. తీసిన చోటికే మట్టి మళ్లీ జారుతోంది. అక్క కాసేపు చూసింది.

"ఇగ చాలు. పెండ్లి జీపుకు గాదు, పిలగానికి. నడుసుకుంట పోదాం" అంది.

"ఇంకొక్కసారి చూస్త."

"నువ్వు చూసుకుంట ఉండు. మేం పోతం."

పెళ్లికొడుకు కొత్త ధోవతి మోకాళ్ల పైకి కట్టుకున్నాడు. అక్క బాసింగాల మూట నెత్తిన పెట్టుకుంది. ముసలమ్మలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. వాళ్లు నాలుగు అడుగులు వేశారో లేదో ఎదురుగా ఎడ్లబండి కనిపించింది. మేము రాలేదని పెళ్లికూతురి మేనమామ వెతుక్కుంటూ వస్తున్నాడు. బండి చక్రాలు సన్నగా, ఇనుప పట్టాతో, మట్టిని కోసుకుంటూ కింది గట్టినేల దాకా దిగి నడుస్తున్నాయి.

ఆయన జీపు చుట్టూ ఒకసారి తిరిగాడు. "గీ చిఖల్ల మోటరు రాదు భావూ" అన్నాడు. వాళ్లు మరాఠీలో మాదిరి బురదను చిఖల్ అని, అన్నను భావూ అని అంటారు. "ముందుగాల పిలగాన్ని కొంచవోత. పెండ్లయినంక ఎడ్లు తోలిస్త, గుంజుకొస్తయి. మీరు గూడ ఎక్కుండ్రి."

"జీపిడిసి నేను రాను" అన్నాడు బావ.

"తమ్ముని పెండ్లి గదా" అంది అక్క.

బావ తల ఎత్తలేదు. అక్క బండి ఎక్కింది. ఒక్కణ్ని వదిలి పోవడం ఇష్టం లేక నేనూ ఉండిపోయాను.

బండి కనుమరుగయ్యాక చాలాసేపు అట్లాగే కూర్చున్నాం. బావ జీపు బంపరు మీద, నేను చీలిన పీట ముక్క మీద. దూరం నుంచి డప్పుల చప్పుడు మొదలైంది. పెళ్లికొడుకు చేరినట్టున్నాడు అనుకున్నాం. బావ అరచేతులు చూసుకుంటూ మాట్లాడాడు.

"ఆడ ఎవలి బండి దిగవడ్డా నన్నే పిలిచేటోళ్లు బామ్మర్దీ. అర్బాబు, అదే మా సేటు గూడ నా మాట ఇనేటోడు. ఇసుక రంగు జూసి చెప్పేటోన్ని, ఈడ మెత్తగుంటది, ఆడ గట్టిగుంటదని. గీ మట్టి నాకు ఏం జెప్తలేదు."

"నాకు మాత్రం ఏమెరుకయింది బావా? మనది చెలక" అన్నాను.

"నువ్వు జెప్పినవు గద, దుకాణంల."

"ఉత్తగ జెప్పిన. గీ మట్టి జూసి జెప్పలే."

ఆ మాట అతన్ని ఊరడించడానికి అన్నదే అయినా అబద్ధం కాదు. బటన్ టైర్లుంటే ఆ రోజు చేరేవాళ్లమని నేను గట్టిగా చెప్పలేను. బహుశా ఇంకొంచెం దూరం పోయి అక్కడ దిగబడేవాళ్లం. బావ కండువాతో ముఖం తుడుచుకున్నాడు. కండువాకు కూడా మట్టే ఉంది. తలంబ్రాల పాటలు గాలికి వినిపిస్తూ, ఆగిపోతూ ఉన్నాయి. ఆ సమయంలో అతను కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్రపోయాడో లేదో నేను అడగలేదు.

పొద్దు వాలే వేళకు రెండు జతల ఎడ్లు వచ్చాయి. మోకులు కట్టి లాగితే జీపు మట్టిలోంచి పెద్ద చప్పుడుతో లేచింది. పెళ్లింటికి చేరేసరికి విస్తళ్లు ఎత్తేశారు. కొత్త పెళ్లికూతురే వచ్చి బావకు నీళ్లు ఇచ్చి కాళ్లు మొక్కింది. అతని కాళ్లకున్న మట్టి ఆమె వేళ్లకు అంటుకుంది. బావ వెనక్కి జరిగి, "ఆగు బిడ్డా, కడుక్కొని వస్త" అన్నాడు. నీళ్ల తొట్టి దగ్గర చాలాసేపు కడుక్కుంటూనే ఉన్నాడు.

ఊరికి వచ్చాక కరీంనగర్‌కు అతనే ప్రయాణం పెట్టాడు. దుకాణంలో నన్ను అడగకుండానే బటన్ టైర్లు తీయించాడు. ఆ వానాకాలం ఎక్కడా పెద్దగా ఆగలేదు. కానీ మళ్లీ ఎండలు ముదిరాక ఆ టైర్ల బాధ వేరు. తారు రోడ్డు మీద తేనెటీగల తుట్టె లేచినట్టు ఒకటే రొద. ఆ మోతకు వెనకవాళ్ల మాట వినపడేది కాదు. కాలుతున్న రోడ్డుకు బటన్లు ఒక అంచున కరిగినట్టు అరిగాయి. ఆ అదురుకు నా నడుము రాత్రికి వంగేది కాదు. అటకెక్కించిన వెడల్పు టైర్లను మళ్లీ దించాం.

తర్వాత అదే అలవాటయింది. మిరుగానికి ముందు బటన్లు, దీపావళి పోయాక వెడల్పువి. ప్రతిసారీ ఇద్దరం వాకిట్లో కూర్చుని, సబ్బునీళ్లు పోసి, పట్టీలతో అంచులు లేపి, ట్యూబులు తీసి, మళ్లీ ఎక్కించేవాళ్లం. ఒకసారి సుత్తి జారి బావ బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోయింది. "ఏ కాలానికి ఆ చెప్పులు తొడుగుడే మన బతుకు" అనేవాడు అలసటగా. ఏ టైరు మంచిదన్న మాట మాత్రం మా మధ్య మళ్లీ రాలేదు.

కొన్నేళ్లకు మా ఊళ్ల మీదుగా బస్సులు పెరిగాయి. జీపు కోసం ఆగే మనుషులు తగ్గారు. బావ వీసా తెప్పించుకుని మళ్లీ మస్కట్ వెళ్లిపోయాడు. ఒక ఏడు నేను ఒక్కణ్నే టైర్లు మార్చాను. మూడు రోజులు మంచం మీద నుంచి లేవలేదు. అక్క చూసి, జీపు అమ్మేయమంది. భైంసాలో పత్తి కొనే మనిషి ఒకడు వచ్చి, టైర్లతో సహా తీసుకుపోయాడు.

ఆ సంగతి బావకు చేరకముందే అతని దగ్గర నుంచి క్యాసెట్టు వచ్చింది. అప్పట్లో అక్కడివాళ్లు ఉత్తరాలకు బదులు మాటలు క్యాసెట్టులో నింపి, ఊరికి వచ్చే ఎవరి చేతనో పంపేవాళ్లు. అక్క, నేను టేప్ రికార్డరు ముందు కూర్చున్నాం. అందరినీ పేరుపేరునా పలకరించాక అతని గొంతు నా వైపు తిరిగింది.

"బామ్మర్దీ, మిరుగం వచ్చినట్టుంది గద. బటన్లు ఎక్కించినవా? ఒక్కనివి ఎత్తకు, నడుము పోతది. ఎవలనన్న పిలుసుకో."

జవాబు నింపేటప్పుడు ముందు అక్కే మాట్లాడింది. "జీపమ్మినం. మా తమ్మునికి నడుము సాగుతలేదు. నువ్వు దాని గురించి ఫికర్ చెయ్యకు. యాళ్లకు తిను" అంది. తర్వాత టేప్ రికార్డరు నా ముందుకు జరిపింది. ఇచ్చోడ నుంచి లోపలి ఊరికి మొరం పోసి రోడ్డు వేశారని, ఇప్పుడు బస్సు పోతుందని చెప్పాను. టేపు తిరుగుతూనే ఉంది.

"ఆన సంగతి చెప్పు తమ్మీ" అంది అక్క మెల్లగా.

"ఆన మంచిగనే పడ్డది బావా" అని చెప్పి మీట నొక్కాను.