చింతపండుతో తోమిన సిక్కలు

మా అత్తమ్మ పోయినంక నా చేతికి మూడు వచ్చినయి: ఆమె నడుముకు కట్టుకునే తాళపుగుత్తి, మోకాళ్లకు రాసుకునే నూనె సీసా, పన్నెండు వెండి సిక్కలు. నూనె అదే ఏడాది అయిపోయింది. తాళాలల్ల సగం ఏ పెట్టెవో ఇప్పటికీ తెల్వదు. సిక్కలు మాత్రం నన్ను పది రోజులు దొంగను చేసినయి.

సిక్కలంటే నిజాం కాలం రూపాయలు. ఒక దిక్కు చార్మినార్, ఇంకో దిక్కు ఉర్దూ రాత. అత్తమ్మకు ఆమె తల్లి ఇచ్చినవట. మొత్తం పదమూడు ఉండె. ఒకటి పెద్దబిడ్డ పెండ్లిల ఒడిల పోసి పంపింది. ఆ పెద్దబిడ్డే మా ఆడబిడ్డ, రాయదుర్గంల ఉంటది. తక్కిన పన్నెండు ఏటా దీపావళికి లక్ష్మి ముంగట పెట్టేది. పెట్టే ముందు తోమాలె. చింతపండు పులుసు, పొయ్యిల బూడిద, ఇంత కొబ్బరి పీచు. అత్తమ్మ ఒక్కొక్క సిక్కను అరచేతిల పెట్టుకొని, పసిపిల్లకు నలుగు పెట్టినట్టు రుద్దేది. నేను కోడలై వచ్చిన మొదటి దీపావళికే ఆ పని నా మీద పడ్డది. "లక్ష్మి ముంగట పెట్టేది మన మొకం కంటె తెల్లగుండాలె పిల్లా" అనేది. నా మొకం ఎట్లున్నా సిక్కలను మాత్రం ఇరవై ఏండ్లు తెల్లగ ఉంచిన.

మా ఇల్లు హఫీజ్‌పేట్ల, రైలు పట్టాలకు ఈవలి దిక్కు. మాదాపూర్ల గుండ్లు పేల్చి గుండ్రటి బిల్డింగ్ లేపుతున్న రోజులవి. ఆ పేలుడుకు మా గంజులు, గిన్నెలు కదిలేవి. కంప్యూటరు నౌకర్లు వస్తున్నయంటే బస్తీల ఇంటిమీద కప్పున్న ప్రతోడు ఇంకో అర్ర లేపిండు. మేమూ లేపినం. అందుల భీమవరం దిక్కు సాఫ్టువేర్ సారు కిరాయికి దిగిండు. మంచోడే. మర్యాద ఎక్కువ. మెట్లకు అడ్డం పండుకున్న కుక్కను గూడ "లెగండి" అనేటోడు. కుక్క లేచేది కాదు, ఆయనే దాటుకుంట పోయేటోడు.

ఆయన అర్రల మంచం లేదు గని నాలుగు ఆల్బములు ఉండె. పెండ్లి ఫొటోలనుకున్న. తీరా చూస్తే అన్నీ సిక్కలే, ప్లాస్టిక్ జేబులల్ల. ఆఫీసుల కంప్యూటర్ల చూసి చూసి నేర్చుకున్నడట. సిక్కలకు గూడ పరీక్షలు, మార్కులు ఉంటయని నాకు ఆయన దగ్గరనే తెల్సింది. ఎన్నడూ ఎవ్వరి చేతిల పడని సిక్క ఫస్టు. చేతులు మారినకొద్ది మార్కులు తగ్గుతయి. ఉప్పు కొని, రైలు టికెట్టు కొని, పిల్లకు పుస్తకం కొని, కష్టం చేసి అరిగిన రూపాయి ఫెయిలు. పుట్టినకాన్నుంచి డబ్బిల పండుకున్నది ఫస్టు.

"మా బస్తీల గూడ గసొంటి ఫస్టు క్లాసు మొగోళ్లు శానమంది ఉన్నరు సారూ" అన్న.

"అలా కాదండి ఆంటీ" అన్నడు. ఆయనకు నవ్వు తొందరగ రాదు.

ఆ ఏడు దీపావళికి పది రోజుల ముందు ఇల్లు దులుపుతున్నం. ఆడబిడ్డ సాయానికని వచ్చింది. ఆమె సాయమంటే అర్ర నడుమ పీట వేసుకొని కూసొని, దుమ్ము ఎక్కడెక్కడ ఉన్నదో చూపించుడు. నేను అత్తమ్మ పెట్టె తీసి, సిక్కలు అరుగు మీద బట్టల పరిచిన. సారు స్కూటరు తుడుచుకుంటున్నడు. తుడుచుడు ఆపిండు. "ఒక్కసారి చూడొచ్చాండీ" అని, పైకి ఉరికి భూతద్దం, చిన్న త్రాసు తెచ్చుకున్నడు.

సిక్కను అంచుల మీద రెండు వేళ్లతో పట్టుకున్నడు, వేడి ఇడ్లీ పట్టుకున్నట్టు. అటు తిప్పిండు, ఇటు తిప్పిండు. త్రాసుల పెట్టిండు. ఇంకోటి పెట్టిండు. పన్నెండూ అయినంక భూతద్దం బట్టల చుట్టి, దవాఖానల డాక్టరు బయటికొచ్చి చెప్పినట్టు చెప్పిండు.

"ఏమీ అనుకోకండి ఆంటీ. ఇవి అసలువి కాదండి. ఇంత పాత వెండి ఇలా మెరవదు, నల్లబడాలి. బరువు కూడా తక్కువుంది. రాత చూడండి, సబ్బు మీద చెక్కినట్టు మెత్తగా ఉంది. కాపీలండి. చార్మినార్ దగ్గర టూరిస్టులకి అమ్ముతారు చూడండి, అవి."

నేను నవ్విన. ఆడబిడ్డ నవ్వలే.

"మా అమ్మ పెట్టెల టూరిస్టులు ఎట్ల దూరిండ్రే?" అన్నది.

"సారు తప్పు చూసిండు వదినె."

"సారు కంప్యూటరు చదువుకున్నడు. నువ్వేం చదివినవ్?"

మూడో తరగతి చదివిన. ఆ మాట అప్పుడు చెప్పబుద్ధి కాలే.

సారుకు మాత్రం పని మీద శ్రద్ధ. మీ దగ్గర ఒకటి ఉందట కదండీ, తెస్తే పక్కపక్కన పెట్టి పోల్చి చూద్దామని ఆడబిడ్డనడిగిండు. ఆమె తెస్తనన్నది. మరునాడు బీరువ తాళం దొరకలేదని కబురొచ్చింది. ఆ మరునాడు ఒంట్ల బాగలేదన్నది. నాలుగో రోజు వచ్చింది, చిన్న పాతగుడ్డ మూట కొంగుకు ముడేసుకొని. విప్పనీకి మూడుసార్లు ముడి పట్టి ఇడిసింది. అమ్మ యాదికొచ్చిందనుకొని నేనే నీళ్లిచ్చిన.

సారు ఆమె సిక్కను చూసిండు. బొగ్గు లెక్క నల్లగుంది. ఆయన మొకం మాత్రం దీపం పెట్టినట్టయింది, త్రాసు తీసుడు గూడ మర్చిండు.

"ఇదండీ అసలు. ఈ నలుపు చూశారా, దీన్ని టోనింగ్ అంటారు. యాభై అరవై ఏళ్లు ముట్టుకోకుండా ఉంచితేనే వస్తుంది. దీనికి మంచి గ్రేడ్ వస్తుందండి. ఎంత జాగ్రత్తగా దాచారండీ."

ఆడబిడ్డ నీళ్లు పక్కకు పెట్టి, చాయ్ అడిగింది. రెండో చాయ్ గూడ తాగింది. గ్లాసు కింద పెట్టి నా దిక్కు చూసింది.

"తాళపుగుత్తి ఎవ్వరి నడుముకున్నదే?"

"నా నడుముకే."

"మరి పన్నెండు ఎట్ల మారినయి?"

మాకు నీళ్ల ట్యాంకరు వచ్చేసరికి ఈ మాట బస్తీ మొత్తం పాకింది. బిందెల లైనుల నా ముంగటామె తన పైసల సంచి చంకల సర్దుకున్నది. ఇరవై ఏండ్ల నుంచి పక్కింటామె. అప్పటిదాక మా ఇంట్ల ఉప్పు, ఆమె ఇంట్ల మిరప్పొడి ఒకటే డబ్బ లెక్క నడిచినయి. ఎవ్వరూ నా మొకం మీద అనలే. "అవసరం అసొంటిది పాపం" అన్నది ఒకామె. ఆ పాపం అనే మాట దొంగ అన్నదానికంటె లోపటికి దిగింది.

మా ఆయన సంగతి చెప్పాలె. బాలానగర్ల ఒక వర్క్‌షాపుల ప్రెస్సు మీద వాషర్లు కొట్టే పని. ఇరవై ఐదేండ్ల నుంచి అదే ప్రెస్సు. పొద్దుందాక దాని చప్పుడు విని విని ఇంట్ల నోరు తెరిచే అవసరం లేదనుకున్నడు. అక్క ఒక దిక్కు, పెండ్లాం ఒక దిక్కు కూసుంటే ఆయన నడుమ అన్నం తిన్నడు.

"నువ్వన్న చెప్పు, నేను మార్చిన్నా?" అన్న.

"పచ్చిపులుసుల ఉప్పు తక్కువైంది" అన్నడు.

ఆడబిడ్డ తన సిక్కను ఇంటికి కొంచబోలే. మా దేవుని గూట్లనే పెట్టింది. "పండుగకు వచ్చినోళ్లు చూడాలె. అసలేదో నకలేదో పక్కపక్కన ఉంటే వాళ్లకే తెలుస్తది" అన్నది. అట్ల అది వారం రోజులు నా గూట్ల, నా దేవుని పక్కన, నా మీద సాక్షి లెక్క కూసున్నది. నేను రోజూ దానికీ దీపం చూపించిన.

దీపావళి పొద్దున తలకు పోసుకున్నంక, అరుగు మీద చింతపండు నానబెట్టిన. బూడిద జల్లించిన. పన్నెండు సిక్కలు పళ్లెంల పెట్టిన. గూట్లకెల్లి పదమూడోది గూడ తీసిన. అండ్ల నాకు ఏ కుట్ర లేదు. మా ఇంట్ల తోమని వస్తువు లక్ష్మి ముంగట ఎక్కదు, గంతే. అది ఆడబిడ్డదైనా, నిజాందైనా.

సారు మెట్ల మీదికెల్లి చూసిండు. పళ్లు తోముకుంటున్నోడు బ్రష్షు నోట్లనే ఉంచి ఉరికొచ్చిండు. ఆ రోజు కుక్కకు లెగండి అని గూడ అనలే, తొక్కినంత పని చేసిండు.

"ఆంటీ ఆంటీ, దాన్ని తోమకండి. గ్రేడ్ మొత్తం పోతుంది. కడిగినదాన్ని నాణేలు సేకరించేవాళ్లు ముట్టుకోరండి."

"మా లక్ష్మి ముట్టుకుంటది సారూ."

ఆ చప్పుడుకు, పండుగకు వచ్చిన ఆడబిడ్డ ఇంట్లకెల్లి బయటికొచ్చింది. నా చేతిల తన సిక్క, దాని మీద చింతపండు చూసింది.

"దాన్ని ఇడిసిపెట్టు."

"నల్లటిది పూజల పెడితే అత్తమ్మ ఊకుంటదా వదినె?"

"ఇడిసిపెట్టు అంటున్న గదనే."

అది నాకు అప్పుడు కోపం లెక్క వినపడ్డది. నాకూ కోపమే ఉండె, పది రోజుల కోపం. బూడిద అద్దుకొని బొటనవేలితో గట్టిగ రుద్దిన. నలుపు పోయింది. కింద తెలుపు వచ్చింది. ఇంకింత రుద్దిన. తెలుపు గూడ పోయింది. చార్మినార్ మినార్ల కొనలు ముందు పచ్చబడ్డయి, నాలుగు పచ్చటి చుక్కలు. తర్వాత కమాను పచ్చబడ్డది. మా పూజ గంట ఏ రంగో ఆ రంగు. ఇత్తడి.

సారు నోట్లకెల్లి పేస్టు నురుగు గదుమ మీదికి కారుతున్నది. ఆయన వంగి, నా చేతిలది చూసి, పళ్లెంల పన్నెండు చూసి, మళ్ల నా చేతిలది చూసిండు.

నేనూ నా పన్నెండు చూసిన. మెరుపు ఎందుకున్నది? ఏటా నేను తోమితే ఉన్నది. బరువు ఎందుకు తగ్గింది? అత్తమ్మ, నేను ఇద్దరం కలిసి అన్నేండ్లు బూడిదతోని రుద్దితే అరగదా? రాత మెత్తబడ్డదంటే నా బొటనవేలు కిందనే మెత్తబడ్డది. సారు చూపించిన మూడు తప్పులు నా చేతి పనే. దొంగతనం కాదు, శుభ్రం.

ఆడబిడ్డ పీట మీద కూసున్నది. ఈసారి దుమ్ము చూపెట్టలే.

"మీ అన్న దవాఖానల పడ్డప్పుడు" అన్నది. వాళ్లాయన నాకు అన్న వరస. "మందులకని అమ్మిన. అమ్మకు తెలుస్తదని పాతబస్తీల గసొంటిదే ఒకటి తెచ్చి పెట్టిన. అమ్మ ఎన్నడు అడగలే." పళ్లెం దిక్కు చూసింది. "మీవి గూడ నకిలివే అని సారు అంటే, నువ్వు గూడ నా లెక్కనే చేసినవనుకున్న."

అప్పుడు తిట్టడానికి నా దగ్గర శాన మాటలుండె. పది రోజులు ఏరి, కడిగి పెట్టుకున్నవి. వాటిని అట్లనే ఇడిసి, చేతిల సిక్కను పన్నెండింటి పక్కన పళ్లెంల పెట్టిన. ఆ రెండు చాయ్‌లు ఆమె ఎందుకు తాగిందో మాత్రం అప్పుడు తెల్సింది.

మా ఆయన గల్మ తలుపు కాడ నిలబడి ఉన్నడు. పండుగకు సెలవు.

"మనవి ప్రెస్సు మీద కొట్టినయి" అన్నడు, అడగకున్నా. "అంచు చూడు, గీతలు ఎట్ల లేచినయో. అక్కది అచ్చుల పోసింది. సన్న బుడగలు ఉన్నయి. ఆ రోజు గూట్ల పెట్టంగనే చప్పుడు తెల్సింది."

"ఏ రోజు?"

"అక్క తెచ్చిన రోజు."

"మరి చెప్పలేదేంది?"

"నన్నెవ్వరడిగిండ్రు? భూతద్దం సారు దగ్గర ఉండె."

ఇరవై ఐదేండ్లు ప్రెస్సు కింద పెట్టి కొట్టినా ఈ మనిషి మీద ఒక్క అక్షరం లేవలేదని అప్పుడనుకున్న. ఇప్పుడూ అదే అనుకుంట.

సారు నోరు కడుక్కొని వచ్చిండు. మర్యాదస్తుడు గద, తప్పు ఒప్పుకున్నడు. "సారీ అండి ఆంటీ. మీవి అసలువేనండి, డౌట్ లేదు." పైకి రెండు మెట్లు ఎక్కి, మళ్ల తిరిగిండు. మనసు ఊకోలే. "కాకపోతే తోమేశారు కదండీ. గ్రేడ్ మాత్రం రాదు."

"ఫెయిలేనా?"

"ఫెయిలేనండి."

"పోనియ్ సారూ. మా ఇంట్ల అందరం అంతే."

ఈసారి నవ్విండు.

నీళ్ల లైనుల ముంగటామె మరుసటి రోజే ఉప్పుకు వచ్చింది. డబ్బ నిండ ఇచ్చిన. "నేనెన్నడన్న నమ్మిన్నా" అన్నది. సంచి మాత్రం ఇంకా చంకలనే ఉండె.

ఆడబిడ్డ పండుగ సాయంత్రం పోతపోత తన సిక్కను కొంచబోలే. గడప దాటినంక, ఎనుకకు తిరగకుండనే అన్నది: "నీ దగ్గరనే ఉండనియ్ పిల్లా. అమ్మవన్నీ ఒక్క తాన ఉంటయి." అప్పటికెల్లి మా పెట్టెల మళ్ల పదమూడు. ఏటా దీపావళికి ఆమె వస్తది, పీట వేసుకొని కూసుంటది, దుమ్ము చూపిస్తది. నేను చింతపండు నానబెడ్త. పన్నెండు సిక్కలను బూడిదతోని తోముత. పదమూడోదాన్ని ఆమె చూస్తుండంగనే ఒట్టి నీళ్లల్ల ముంచి తీసి, కొంగుతో అద్దుత. ఆ పచ్చటి చుక్కల మీద కొంచెం పసుపు ఎక్కువ పెడ్త. పసుపు మీద పసుపు ఎవ్వరికి కనపడ్తది.