కాకుల్ని తోలిన అన్నయ్యగారు

నేను చదివింది అయిదో తరగతి. కానీ ఏ రోజు ఏం వండానో, ఎవరు మారు అడిగారో ఇప్పటికీ చెప్పగలను. మా ఆయన తొలి తద్దినానికి గారెలు, గుత్తివంకాయ, పరమాన్నం చేసి, ఆయనకిష్టమని అప్పడాలు వేయించాను.

అప్పటికి సముద్రం దాటి, చోవా చూ కాంగ్ అనే పేటలో మా అమ్మాయి ఫ్లాట్‌కి వచ్చి నాలుగు నెలలు. దగ్గర్లోనే యుద్ధవిమానాల బేస్ ఉంది. పొద్దెక్కేసరికి ఒకటే మోత. కుక్కర్ విజిల్ వినపడక రెండుసార్లు పప్పు మాడ్చాను.

అమ్మాయి ఆఫీసుకి వెళ్తూ, కాకికి పెట్టడాలు ఇక్కడ కుదరవమ్మా అని చెప్పే వెళ్ళింది. నేను వింటేగా. మా వైపు కాకి ముట్టందే ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టరు. కాకి రాలేదంటే పోయినవాళ్ళకి ఏదో కొరత మిగిలిందని. మా ఆయన ఆసుపత్రిలో ఆఖరి పూట ఏదో చెప్పబోయి, చెప్పకుండానే పోయారు. ఏడాదిగా నాకదే దిగులు.

అరిటాకు ముక్కలో అన్నీ కాస్త కాస్త పెట్టుకుని, లిఫ్టులో దిగి, బ్లాకు వెనక గడ్డిలో ఉంచి దూరంగా నిలబడ్డాను. గోరింకలు రెండు వచ్చాయి. కాకి జాడ లేదు.

ఇంతలో మూడో అంతస్తు పెద్దాయన అటు వచ్చారు. తాతలనాడే ఇక్కడికొచ్చిన తెలుగువాళ్ళు. మాటల్లో సగం అరవం, మధ్యమధ్య మలాయి, చివర ఇక్కడివాళ్ళ ఊతపదం 'లా'. నేను అన్నయ్యగారూ అని పిలుస్తాను. ఆకు చూడగానే ఆయన చప్పట్లు కొట్టి గోరింకల్ని తోలేశారు. నాకు ఒళ్ళు మండింది.

"తద్దినం ఆకు దగ్గర పిట్టల్ని తోలతారా?"

"జన్మంతా చేసిన పని అదేనమ్మా. చెయ్యి ఊరుకోదు లా."

బెంచీ మీద కూచోబెట్టి చెప్పారు. ఆ బేస్ ఇంగ్లీషువాళ్ళు కట్టించారట. విమానాలు దిగే దారికి వాళ్ళ నాన్న రాళ్ళు మోశారు. యుద్ధంలో జపానువాళ్ళు లాక్కుంటే వాళ్ళకీ మోశారు. రాళ్ళు అవే, తిట్టే భాషే మారిందనేవారట. మళ్ళీ ఇంగ్లీషువాళ్ళొచ్చారు. ఈయన అప్పుడు పనిలో చేరారు. వాళ్ళు వెళ్ళిపోయి బేస్ ఈ దేశానిదయ్యాక కూడా అదే పని: రేకు డబ్బా వాయించి పిట్టల్ని తోలడం. ఒక్క పిట్ట ఇంజన్లో పడినా విమానం కూలిపోవచ్చు. ఇప్పుడు ఆకాశాన్ని కాసే విమానాలు చాలావరకు అక్కడివే. ఒక్కోసారి రోడ్డు మూసేసి, దీపాల స్తంభాలు పీకి, ఆ రోడ్డు మీదే దింపుతారట. అందుకే ఇక్కడ పిట్టలకి మెతుకు వెయ్యకూడదు, జరిమానా కూడా ఉంది అన్నారు.

నేను లేచి ఆకు తీసేశాను. తీస్తుంటే ఏడుపొచ్చింది. మా ఆయన చెప్పకుండా పోయిన మాట సంగతి ఈయనకి చెప్పేశాను. అమ్మాయికి కూడా చెప్పలేదు అంతవరకూ.

అప్పుడే పైనుంచి విమానం పోయింది. మోత తగ్గేదాకా ఆగి, ఆయన మెల్లిగా అడిగారు.

"ఇన్నేళ్ళు కాకుల్ని ఆకలితో పంపినవాణ్ణి. కాకి బదులు నేను తింటే మీ ఆయన ఒప్పుకుంటాడా?"

మా ఆయనకి ఒంటరిగా తినడం ఎప్పుడూ నచ్చేది కాదు. రమ్మన్నాను.

స్నానం చేసి, పంచె కట్టుకుని వచ్చారు. తలుపు బార్లా తీసి, కొత్త ఆకు వేసి వడ్డించాను. అచ్చం మా ఆయనలాగే అప్పడం పరమాన్నంలో నలుపుకుని తిన్నారు, ఎవరు నేర్పారో. ఆకు మీద మెతుకు మిగల్లేదు. నేను గుమ్మం పక్కన నిలబడ్డాను.

"చాలమ్మా," అన్నారు చెయ్యి కడుక్కుంటూ. "ఏ కొరతా లేదు."

ఆ తర్వాత నేనూ కూచుని తిన్నాను. ఏడాదిలో అంత ఆకలి ఎరగను.

సాయంత్రం అమ్మాయి వస్తూనే గిన్నెలు చూసి, కింద ఆకు గానీ పెట్టావా, కాకి వచ్చిందా అని నిలదీసింది.

"వచ్చింది," అన్నాను. "పంచె కట్టుకుని వచ్చింది. వచ్చే ఏడు గారెల్లో అల్లం కాస్త ఎక్కువ వెయ్యమంది."