మిల్క్ మమ్నూ

కొత్త ఫ్లాటులో వంటగది ఇంకా పూర్తిగా సర్దుకోనేలేదు, ఇవాళ పొద్దున అప్పుడే పాలు పొంగి పొయ్యంతా పారాయి. మాడిన పాల వాసనకు ఎవరైనా ‘అయ్యో’ అంటారు. నేను పకపకా నవ్వి ‘మిల్క్ మమ్నూ!’ అన్నాను. మా ఇంట్లో ఆ మాటకు ముప్పై ఏళ్లు పైబడ్డ చరిత్ర ఉంది, అందులో తప్పంతా నాదే.

సౌదీలో అల్ ఖోబర్. నాకు తొమ్మిదేళ్లు. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన మా బాపు అక్కడ ఏసీలు బాగుచేసేవాడు. మేముండేది బజారులో ఒక దుకాణం పైన, కిటికీ తీస్తే ఎదుటి గోడ తప్ప ఏమీ కనబడని రెండు గదుల్లో. సముద్రం వైపు మాత్రం, ఎప్పుడో నూనె బావులు తవ్విన కొత్తలో ఇంగ్లీషు దొరలు తమకోసం కట్టుకున్న చిన్న వీధి ఒకటుండేది. వానే పడని చోట వాలు పెంకుల కప్పులు, ఎండకు రాళ్లు పగిలే చోట ఇంటింటికీ చలిమంట పొయ్యి, దానిమీద పొగగొట్టం, వీధి మొగలో ఏ పోస్ట్‌మ్యానూ తెరవని ఎర్ర పోస్టు డబ్బా, ఒక్క గులాబీ మొక్కయినా లేని ఇంటి గేటు మీద ‘రోజ్ కాటేజ్’ అని చెక్కిన పేరు! బాపు పనికెళ్లి వచ్చి ఆ ‘ఇంగ్లీషోళ్ల గల్లీ’ ముచ్చట్లు చెబుతుంటే నా చేతిలో ముద్ద చేతిలోనే ఎండిపోయేది.

పక్కనున్న కువైట్‌లో ఇరాక్ సైన్యం దిగింది, యుద్ధం మా దాకా వస్తుందన్నారు. దొరలు ఒక్కొక్కరే పెట్టెలు సర్దుకుని వెళ్లిపోయారు. దొరలకు జాగా కిరాయికిచ్చిన ఆ ఇళ్ల యజమాని అబూ సాలే, తెల్లగడ్డం పెద్దాయన, బాపును పిలిచి, ఖాళీగా ఉంటే ఇల్లు పాడవుతుంది, వచ్చి ఉండమన్నాడు. ఏ ఇల్లనుకున్నారు? రోజ్ కాటేజే! లోకమంతా పారిపోతుంటే మేము దొరల ఇంట్లో దిగాం, దానికి తోడు బడి కూడా మూసేశారు. ఆ వయసులో అంతకన్నా పండుగేముంటుంది?

అమ్మ సంబరం నాకన్నా ఎక్కువ. పెళ్లయిననాటి నుంచి ఆమె ఏ ఇంట్లోనూ పాలు పొంగించలేదు. “కిరాయింట్ల పొంగిచ్చి ఎవలికి లాభం? పొంగిస్తే సొంతింట్లనే పొంగియ్యాలె” అనేది. మూడో రోజుకే చేతి గాజులు తీసి బాపు ముందు పెట్టింది. “ఇవి అమ్మి ఈ ఇల్లు కొందాం. దొరలే ఉరికిపోయిరి, ఇగ పోటీకి ఎవలొస్తరు?” బాపు నసిగి, “అబూ సాలేని అడుగుత” అన్నాడు. శుక్రవారం వచ్చి చెబుతానన్నాడట ఆయన.

ఆ శుక్రవారం బాపు డ్యూటీకి పోయాడు. అమ్మ తలంటుకుని, కొత్త గిన్నెకు పసుపు రాసి, పాలు పొయ్యి మీద పెట్టి, నన్ను గేటు దగ్గరికి పంపింది. “సరే అన్నడంటే కేకెయ్యి, పొంగనిస్త.” ఇంట్లో మగవాళ్లు లేరని అబూ సాలే గేటు దాటలేదు. వేలు అడ్డంగా ఊపి, “అజ్నబీ, మిల్క్ మమ్నూ” అని, జాలిగా నా తల నిమిరి వెళ్లాడు. అజ్నబీ అంటే పరాయివాళ్లు. మమ్నూ అంటే కూడదని. ఖోబర్‌లో గోడగోడకూ రాసి ఉంటుంది. ఇక మిల్క్ సంగతంటారా, ఇంగ్లీషులో క్లాసు ఫస్టు నేను, నాకొకరు చెప్పాలా! లోపలికి ఉరికి, “అమ్మా, పరాయోళ్లు పాలు కాగవెట్టద్దంట!” అన్నాను. నురుగు అంచు దాకా వచ్చింది. అమ్మ టక్కున పొయ్యి ఆర్పేసింది.

సాయంత్రం ఆ మాట విని బాపు నవ్వలేదు. అమ్మ ముఖం చూసి, నేల చూసి, “ఔ, జర పైలం” అన్నాడు.

“మరి ఇంటి సంగతి ఏమన్నడట?”

“లడాయి ఒడువనీ, చూద్దాం.”

ఇక చూడండి మా దొంగ సంసారం! గ్యాసు దాడి జరిగితే తలుపు సందుల్లో తడి తువ్వాళ్లు కుక్కమని రేడియోలో చెప్పారు. మేము పాల వాసన బయటికి పోకుండా కుక్కాం. ఖాళీ పాల డబ్బాలు దొరల పొగగొట్టం కింద దాచాం. సైరన్ మోగితే కిటికీలకు టేపులంటించిన మధ్య గదిలో సకినాల డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాళ్లం. గ్యాసు మాస్కు తీస్తే తిట్లు, పెట్టుకుంటే సకినం నోటికందదు. ‘మిల్క్ ప్లీజ్’ అని రాసి ఎర్ర పోస్టు డబ్బాలో ఒక ఉత్తరం కూడా వేశాను.

యుద్ధం ఆగిన వారానికి, తగలబడుతున్న కువైట్ నూనె బావుల పొగకు పట్టపగలే మసకబారిన ఒకరోజు, అబూ సాలే వచ్చి బాపుతో ముందు గదిలో కూర్చున్నాడు. అమ్మ నా చేత నల్ల చాయ పంపింది. ఆయన గ్లాసులోకి చూసి “హలీబ్?” అన్నాడు.

“హలీబ్ అంటే ఏంది బాపూ?”

“పాలు.”

“మరి మిల్క్?”

“అరబ్బీల మిల్క్ అంటే సొంతం అన్నట్టు, బిడ్డా. మనసొంటోళ్లు ఈడ ఇల్లు కొనుడు మమ్నూ.”

నాకు నవ్వాగలేదు. వంటగది తెర వెనక అమ్మ ముఖం చూశాక ఆగింది. పాలకు అడ్డేమీ లేదు, ఇంటికే ఉంది.

“నీకు ముందే ఎరికేనా?” అంది అమ్మ.

“ఎరికే. నువ్వు గంత సంబురపడుతుంటే నోరు రాలె.”

అమ్మ ఏడవలేదు. ఇంట్లో ఉన్న పాలన్నీ పసుపు గిన్నెలో పోసి, పెద్ద మంట పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. పాలు పొంగి, పొయ్యి నిండి, నేలకు జారాయి. మాడు వాసనకు ముందు గదిలోంచి అబూ సాలే “హలీబ్! హలీబ్!” అని కంగారుగా అరిచాడు. మా దేశంలో సొంతింట్లో ఇలా పొంగిస్తారని బాపు ఆయనకు చెప్పాడు. ఆయన తెర వైపు తిరిగి గుండె మీద చెయ్యి పెట్టుకుని, “అల్ బైత్ బైతుకుం” అన్నాడు. ఈ ఇల్లు మీదే అని. అరబ్బులు ఏ చుట్టానికైనా అనే మర్యాద మాటే అది. అమ్మ మాత్రం రిజిస్ట్రీ కాగితం అందుకున్నట్టు అందుకుంది.

ఆ గల్లీ ఇప్పుడు లేదు. పెంకులూ పొగగొట్టాలూ ఎర్ర డబ్బా అన్నీ తీసేసి కార్లు నిలుపుకునే జాగా చేశారట. బాపూ లేడు. గాజులు మాత్రం అమ్మ చేతికే ఉన్నాయి.

పోయిన వారం ఈ ఫ్లాటు గృహప్రవేశానికి, పెద్దదానివి నువ్వే పొంగించమని పాలగిన్నె అమ్మ చేతికిచ్చాను. ఆమె దాన్ని నాకే తిరిగిచ్చేసింది. “నా ఇంట్ల ఎన్నడో పొంగినయ్. ఇది నీది.” నురుగు అంచు దాకా రాగానే, చిన్ననాటి భయమేమో, నా చెయ్యి దానంతటదే పొయ్యి మీదికి పోయింది. అమ్మ గట్టిగా పట్టుకుని ఆపింది.

“పొంగనీ బిడ్డా, ఆర్పకు. ఈడ మిల్క్ మమ్నూ లేదు.”