రెండు టేపురికార్డర్లు, ఒక కక్ష

మొన్న ఆదివారం మా చెల్లెలి మనవరాలు నా పాత కేసెట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తూ మధ్యలో ఆగి, "అమ్మమ్మా, ఇది ఏ రకం సంగీతమని అడుగుతోంది. శాస్త్రీయమా, భక్తిగీతమా, జానపదమా, సినిమానా? ఏది నొక్కను?" అంది. దానికేం తెలుసు పాపం, నాకు మాత్రం ఒళ్ళంతా చుర్రుమంది. నలభై ఏళ్ళు దాటినా ఆ ప్రశ్న నన్ను అలాగే కాలుస్తుంది, ఎందుకంటే నర్సీపట్నంలో పదిమంది ముందు నన్ను అదే ప్రశ్న అడిగినవారు మా పెదనాన్నగారు.

అప్పట్లో నేను టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటర్ని. ట్రంకు కాల్ బుక్ చేసి అనకాపల్లి తగలడానికి సగం పూట కాచుక్కూర్చున్న రోజులు మన వయసువాళ్ళకి గుర్తుండే ఉంటాయి. రోజంతా చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని ఊరివాళ్ళ హలోలూ, లైన్ల బరబరలూ, గంటలూ వినీ వినీ నా చెవి ఎలా తయారైందంటే, ఏ చప్పుడు విన్నా దాని పక్కన ఏ స్వరం ఇముడుతుందా అని వెతికేది. వయొలిన్ మాత్రం పెదనాన్నగారి దగ్గరే నేర్చుకున్నాను. ఆయన ప్లీడరు, ఊళ్ళో సంగీతసభకి కార్యదర్శి, నాన్న పోయాక మా ఇంటికి పెద్దదిక్కు. ఆయన ఒక మాట అంటే ఇంట్లోనూ సభలోనూ తిరుగు లేదు.

మా అక్క మొగుడు విశాఖ నుంచి ఒక టేపురికార్డరు తెచ్చి ఇచ్చాడు. రెండోది నాతో పనిచేసే స్నేహితురాలిది, ఆదివారం ఆదివారం అరువు తెచ్చుకునేదాన్ని. ఒకదాంట్లో ఒక చప్పుడు పట్టి, దాన్ని మోగిస్తూ పక్కన కూర్చుని వయొలిన్ వాయించి, రెండూ కలిపి రెండోదాంట్లో పట్టి, మళ్ళీ దాన్ని మోగిస్తూ ఇంకొకటి కలిపి, ఇలా పొరమీద పొర వేసుకుంటూ పోయేదాన్ని. గొలుగొండ రోడ్డులో చెరకు గానుగ ఇంజను, సంతకి కొండ దిగి వచ్చినవాళ్ళ డప్పు, ఎక్స్చేంజి గంట, అన్నీ అందులోకి వచ్చాయి. నేర్పినవాళ్ళు లేరు, నాలాంటి పని చేసేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారేమో కూడా తెలీదు.

అన్నిటికన్నా అడుగున ఉన్న పొర మా అమ్మ బియ్యం చెరిగిన చేట చప్పుడు, దాని మీద ఆవిడ తనలో తాను తీసుకునే కూనిరాగం. టేపురికార్డరు దగ్గరికి జరుపుతుంటే అమ్మ నవ్వి, "ఏటే ఇది, చేట చప్పుడు కూడా పాటేనా? బేగి కానీ, పొయ్యి మీద ఎసరు మరుగుతోంది" అంది. ఆ వానాకాలంలోనే నాలుగు రోజుల జ్వరంతో అమ్మ పోయింది. పెద్దకర్మ అయ్యాక ఆ చప్పుడు మీద వయొలిన్ వాయించి పాట పూర్తి చేశాను. వాయిస్తున్నంతసేపూ అమ్మ గదిలో ఉన్నట్టే ఉండేది.

ఆ కేసెట్టు పట్టుకుని, సభ వార్షికోత్సవంలో వినిపించనిమ్మని అడగడానికి పెదనాన్నగారింటికి వెళ్ళాను. సభ్యులందరూ ముందుగదిలో ఉన్నారు. రెండు నిమిషాలు విని ఆయన బటన్ నొక్కేశారు. ఇది కర్ణాటకమా, హిందూస్తానీయా, సినిమా పాటా, పల్లెపదమా అని ఒక్కొక్కటీ వేలు మడిచి అడిగారు. దేనికీ చెందదండీ, పేరు కూడా లేదన్నాను.

"పేరు చెప్పుకోలేని సంతానాన్ని తెచ్చి సభలో కూర్చోబెడతావటే?" అన్నారు.

గది గదంతా నవ్వింది. నేను కేసెట్టు కూడా తీసుకోకుండా బయటికి వచ్చేశాను.

పది రోజుల తర్వాత మనసు గట్టి చేసుకుని వెళ్ళి కేసెట్టు తెచ్చుకుని, ఇంటికొచ్చి పెట్టాను. అందులో అమ్మ లేదు. పెదనాన్నగారు సభలో చేసిన ఉపన్యాసం ఉంది, మొదటి నుంచి చివరిదాకా. కేసెట్టు వెనకంచున ఉండే చిన్న రేకు విరిచేస్తే దాని మీద మళ్ళీ రికార్డు అవదని నాకు అప్పటికి తెలీదు. కొత్త కేసెట్లు కొనలేక కింది పొర చెరిపి దాని మీదే పైపొర పట్టేదాన్ని కాబట్టి మరో కాపీ లేదు. పరుగున వెళ్ళి అడిగితే, ఆయన పేపరు మీంచి తలెత్తకుండానే, "దాన్లో ఏముందే, చేట చప్పుడేగా" అన్నారు.

నేను ఏడవలేదు. ఆ మాట మాత్రం తీసుకెళ్ళి దాచుకున్నాను.

ఆయనకి ఒక అలవాటుంది, ప్రతి నాలుగు మాటలకీ గొంతు సవరించుకుని, "శాస్త్రం ఏమందీ" అని మొదలుపెడతారు. అమ్మ గొంతు తుడిచిపెట్టిన ఆ ఉపన్యాసంలోంచే ఆ సవరింపులన్నీ ఒక్కొక్కటీ ఏరాను. దాదాపు ఏడాది పట్టింది. ఒక్కో సవరింపునీ పదేపదే ఎక్కించి దరువు చేశాను, "శాస్త్రం ఏమందీ"ని పల్లవి చేశాను, చుట్టూ ఇంజనూ డప్పూ వయొలినూ తిప్పాను. ఆయన దగ్గర వయొలిన్ నేర్చుకున్న రోజుల్లో కూడా అంత శ్రద్ధగా సాధన చేయలేదు. నా పేరు రాయకుండా కాపీలు తీసి బస్టాండు కాంటీనుకీ, రేడియో రిపేరు షాపుకీ, పాయకరావుపేట బస్సు డ్రైవరుకీ ఊరికే ఇచ్చాను. ఈసారి ప్రతి కేసెట్టు రేకూ విరిచాను.

నెల తిరక్కుండా ఊరంతా పాకింది. టీ తాగుతూ ఒకాయన గొంతు సవరిస్తే పక్కాయన "శాస్త్రం ఏమందీ" అనేవాడు. ఎవరి గొంతో అందరికీ తెలుసు, చెప్పే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి పెదనాన్నగారొక్కరికే తెలీదు. వార్షికోత్సవం రోజు ఆయన పట్టు పంచె కట్టుకుని మైకు ముందు నిలబడి గొంతు సవరించుకున్నారు. వెనక వరసలో ఎవరో తొడ మీద తర్వాతి దరువు వేశారు. ఆయన మళ్ళీ సవరించుకున్నారు. ఈసారి హాలు సగం అందుకుంది. మూడోసారికి ఆడవాళ్ళ వరసలో కూర్చుని నేను కూడా వేశాను, ఆయన కళ్ళలోకి చూస్తూ. మాట్లాడకుండానే ఆయన వేదిక దిగిపోయారు. ఆ పూట నాకు అన్నం తినకుండానే కడుపు నిండింది.

వారం తర్వాత మా ఇంటికి వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నువ్వేనా?"

"నేనేనండి."

"కాంటీనువాడి దగ్గర తెప్పించుకుని విన్నాను. మూడో ఆవర్తనంలో ఒక దరువు జారింది, చూసుకున్నావా?"

"జారలేదండి. మీరు అక్కడ ఊపిరి తీసుకున్నారు. అది కూడా ఉంచాను."

ఆయన గుమ్మందాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "నాకొక కాపీ ఇవ్వవే. వాడిది అరిగిపోయింది" అన్నారు.

"అమ్మ చేట చప్పుడు తెచ్చివ్వండి, ఇస్తాను" అన్నాను.

ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత కార్యదర్శి పదవి వదిలేశారు. మైకు ముందు మళ్ళీ నిలబడలేదు. నాలుగేళ్ళకి పోయారు. కాపీ నేను ఇవ్వలేదు. అంత కఠినం పనికిరాదని అక్క ఇప్పటికీ అంటుంది. క్షమించావా అని ఎవరైనా అడిగితే లేదనే చెబుతాను. ఈ వయసులో అబద్ధమెందుకు?

ఇప్పుడు పిల్లలు ఒక గదిలో ఒంటరిగా కూర్చుని, ఎవరి అనుమతీ అక్కర్లేకుండా, ఏ రకానికీ చెందని పాటలు కట్టి లోకం మీదికి వదులుతున్నారు. చూస్తే ముచ్చటేస్తుంది, కొంచెం అసూయ కూడా. తను ఇంటర్నెట్లో పెట్టిన నా పాటలు వందల మంది విన్నారని మా చెల్లెలి మనవరాలు సంబరపడుతూ లెక్క చూపిస్తుంది. సగంలో వదిలేసినవాళ్ళే ఎక్కువట. మూడో ఆవర్తనందాకా వచ్చి, అక్కడ దరువు జారిందని నాతో తగవు పెట్టుకున్న మనిషి మాత్రం, ఇన్నేళ్ళలో, ఆయన ఒక్కరే.